అష్టమి నవమి పట్టిన స్క్రిప్టు

ప్రతి నెలా 8, 9 తేదీల్లో మాత్రమే చెడిపోయి, 10వ తేదీకి దానంతటదే బాగైపోయే ప్రోగ్రాము ఎక్కడైనా ఉంటుందా? ఉంటుంది. ఏడాదిలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మాత్రమే మొరాయించేవి ఉన్నాయి. పొద్దున్న 8 గంటలకీ, 9 గంటలకీ ఆగిపోయి, 10 గంటలకి బుద్ధిగా నడిచేవీ ఉన్నాయి. లినక్సు సర్వర్ల మీద పనిచేసే మన తెలుగువాళ్ళకి ఈ సంగతి చెబితే నవ్వుతూ అనే మాట ఒకటే: "అష్టమి, నవమి కదండీ, అంతే!"

నవ్వులాటకి అన్నారు, సరే. తిథికీ తేదీకీ సంబంధం లేదని వాళ్ళకీ తెలుసు. కానీ అసలు కారణం ఏమిటని అడిగితే మాత్రం చాలామంది భుజాలు ఎగరేస్తారు. కారణం చాలా చిన్నది. బాష్ షెల్‌లో లెక్కలు చేసేటప్పుడు సున్నాతో మొదలయ్యే సంఖ్యని మనం రోజూ వాడే పదంకెల పద్ధతిలో కాక, ఆక్టల్ పద్ధతిలో చదువుతుంది. ఆక్టల్‌లో 0 నుంచి 7 వరకు ఎనిమిది అంకెలే ఉంటాయి. తేదీ అడిగితే కంప్యూటర్ 08 అని, 09 అని ఇస్తుంది. ఆక్టల్‌లో 8 అనే అంకే లేదు, 9 అనే అంకే లేదు. కాబట్టి లెక్క చెయ్యలేక తప్పు చూపించి ఆగిపోతుంది. 01 నుంచి 07 వరకు రెండు పద్ధతుల్లోనూ విలువ ఒకటే కాబట్టి తేడా తెలియదు. 10వ తేదీ సున్నాతో మొదలవదు కాబట్టి గొడవే లేదు. సంఖ్యకి ముందు 10# అని చేర్చి, దీన్ని పదంకెల పద్ధతిలో చదవమని చెబితే సమస్య తీరిపోతుంది. గ్రహాలు లేవు, వర్జ్యం లేదు. మూడు గుర్తులు చాలు.

షెల్ స్క్రిప్టు అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. లినక్సు, యునిక్సు కంప్యూటర్లలో మనం టైపు చేసిన ఆజ్ఞల్ని అందుకుని అమలు చేసే ప్రోగ్రాముని షెల్ అంటారు. రోజూ చేత్తో టైపు చేసే ఆజ్ఞల్ని వరసగా ఒక ఫైలులో రాసిపెడితే అదే షెల్ స్క్రిప్టు. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో బెల్ ల్యాబ్స్ యునిక్సు ఏడవ ఎడిషన్‌తో వచ్చింది. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వచ్చింది. అర్ధరాత్రి బ్యాకప్ తీసేది, పాత ఫైళ్ళు చెరిపేది, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి జాబితాలు పంపేది ఎక్కువగా ఇవే. ఇంట్లో పనిమనిషిలాంటివి. రోజూ పని జరుగుతున్నంతకాలం వాటి పేరు కూడా ఎవరికీ గుర్తుండదు.

నోయిడాలో నేను చూసిన ఒక ఆఫీసులో ఇలాంటి స్క్రిప్టు ఒకటి ఉండేది. ఆఫీసు పేరు అనవసరం. గంట గంటకీ నడిచి, అంతకుముందు గంటలో వచ్చిన ఫిర్యాదుల ఫైలుని వేరే సర్వర్‌కి పంపడం దాని పని. టైమ్‌టేబుల్లో 7 గంటల తర్వాత నేరుగా 10 గంటలు ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడు దాని బాధ్యత చూసేవాడు. "మధ్యలో 8, 9 ఏవి బాబూ?" అని అడిగాను. "ఆ టైముకి దానికి పడదన్నా. మొదట్నుంచీ అంతే. నాకు అప్పగించినవాళ్ళు కూడా అదే చెప్పారు" అన్నాడు.

పడదు! ఈ మాట వంకాయ కూర గురించి అనొచ్చు, ముహూర్తం గురించి అంటే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. కంప్యూటర్ గురించి ఇంజినీరు అనాల్సిన మాట కాదు. జరిగింది ఏమిటంటే, ఎవరో ఎప్పుడో 8కీ, 9కీ తప్పు రావడం చూశారు. కారణం వెతకలేదు. ఆ రెండు గంటల్నీ కొట్టేశారు. తప్పు మెయిల్ రావడం ఆగిపోయింది, సమస్య తీరిపోయిందనుకున్నారు. కానీ 8 గంటలకి వెళ్ళాల్సినవి 7 నుంచి 8 లోపు వచ్చిన ఫిర్యాదులు, 9కి వెళ్ళాల్సినవి 8 నుంచి 9 లోపువి. రెండు గంటల ఫిర్యాదులు ప్రతిరోజూ ఎవరి కళ్ళా పడకుండా ఉండిపోతున్నాయి. పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్ళేముందు ఫిర్యాదు రాసిన మనిషికి జవాబు రాదు. ఎందుకు రాలేదో అతనికి ఎప్పటికీ తెలియదు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే. స్క్రిప్టులో తప్పులు రావడం నేరం కాదు. అవి రాకుండా రాసేవాడు పుట్టలేదు. కారణం ఉందని తెలిసీ వెతకకుండా, తప్పు కనిపించకుండా చేసి సరిపెట్టుకోవడం నేరం. మనం బాబాలనీ, జాతకాలనీ మాత్రమే ప్రశ్నిస్తే చాలదు. మనకి జీతం ఇచ్చే పనిలో కూడా అదే ప్రశ్న వెయ్యాలి. రాజ్యాంగంలో 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల ప్రాథమిక విధిగా చెప్పింది. ఆ విధికి ఆఫీసు వేళల్లో సెలవు ఉంటుందని ఎక్కడా రాయలేదు.

ఢిల్లీవాళ్ళకి 1995 సెప్టెంబరు 21 గుర్తుండే ఉంటుంది. వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్ళ ముందు వరసలు కట్టిన రోజు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు ఒక గుడికి వెళ్ళి ఏం చేశారు? ఉపన్యాసం ఇవ్వలేదు. పాలలో రంగు కలిపి విగ్రహానికి పట్టించారు. చెంచాలోంచి పైకి లాగబడిన పాలు విగ్రహం మీదుగా పలచగా కిందికి జారడం రంగు వల్ల అందరి కళ్ళకీ కనిపించింది. పాలు మాయం కాలేదు, మనకి కనిపించని దారిలో వెళ్ళాయి.

షెల్ స్క్రిప్టులో తప్పు వెతకడం సరిగ్గా ఇదే. సెట్ మైనస్ ఎక్స్ అని ఒక ఆజ్ఞ ఉంది. దాన్ని స్క్రిప్టు మొదట్లో రాస్తే, ప్రతి ఆజ్ఞనీ అమలు చేసేముందు, వేరియబుల్స్ స్థానంలో అసలు విలువలు పెట్టి తెరమీద చూపిస్తుంది. మనం రాశామనుకున్నది ఏమిటో, కంప్యూటర్‌కి అర్థమైంది ఏమిటో పక్కపక్కన కనబడతాయి. అదే పాలలో కలిపే రంగు. ఆ కుర్రాడు ఒక్క రోజు 8 గంటలకి ఆ రంగు కలిపి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో 08 దగ్గర ఆగిపోవడం కనిపించేది.

పద్ధతి కొత్తదేమీ కాదు. ముందు తప్పుని మళ్ళీ రప్పించాలి. మళ్ళీ రప్పించలేని తప్పుని దిద్దామని చెప్పడం, జ్వరం తగ్గాక విభూతి పెట్టి తగ్గించామని చెప్పడం లాంటిది. తర్వాత స్క్రిప్టులో సగం తీసేసి చూడాలి. తప్పు ఉందా, పోయిందా? ఉంటే మిగిలిన సగంలో సగం. ఇలా నాలుగైదు సార్లకి నాలుగు లైన్లు మిగులుతాయి. అప్పుడు కారణం ఇదీ అని ఒక ఊహ చెయ్యాలి, ఆ ఊహ తప్పైతే ఏమి కనిపించాలో ముందే అనుకోవాలి, ఒక్కటంటే ఒక్కటి మార్చి చూడాలి. ఒకేసారి ఐదు మార్చి "ఇప్పుడు నడుస్తోంది" అంటే అందులో ఏది మందో, ఏది విభూతో తెలియదు.

రాత్రి ఉద్యోగాలు చేసేవాళ్ళ దగ్గర ఇంకో మాట తరచుగా వినబడుతుంది. "నేను చేత్తో నడిపితే నడుస్తుంది సార్, రాత్రి దానంతటది నడిస్తే మాత్రం ఆగిపోతుంది." దీన్ని కూడా కంప్యూటర్ మనసు అన్నట్టు మాట్లాడతారు. ఇందులో వింతేమీ లేదు. క్రాన్ అనే కార్యక్రమం మీ స్క్రిప్టుని నడిపేటప్పుడు మీరు లాగిన్ అయినప్పుడు ఉండే వాతావరణం ఉండదు. ఆజ్ఞల్ని ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ చాలా చిన్నదిగా ఉంటుంది. క్రాన్ పట్టికలో శాతం గుర్తుకి వేరే అర్థం ఉంది. ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది, కాబట్టి ఆ పట్టికలోనే తేదీతో ఫైలు పేరు పెట్టేవాళ్ళ ఆజ్ఞ సగంలో తెగిపోతుంది. స్క్రిప్టుని ఏ షెల్ నడుపుతోందన్నది మరో ప్రశ్న. ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డ్యాష్. బాష్‌కి మాత్రమే తెలిసిన రాతలు దానికి అర్థం కావు. ఇక సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మన దేశంలో రాత్రి 2 గంటలు దానికి నిన్న సాయంత్రం 8:30. మన కాలమానం ఐదున్నర గంటలు ముందు కాబట్టి, పొద్దున్న 5:30 వరకు అది నిన్నటి తేదీయే వేస్తుంది. ఇన్ని కారణాలుంటే, వెతక్కుండా "దాని టైము బాగాలేదు" అనడం ఎందుకు?

ఇప్పుడు భయం సంగతి. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల వేదికవాళ్ళ లినక్సు ప్రోగ్రాముకి సంబంధించిన స్క్రిప్టు ఒకటి వార్తల్లోకి వచ్చింది. స్టీమ్ ఉన్న ఫోల్డర్ ఎక్కడుందో కనుక్కుని ఒక వేరియబుల్‌లో పెట్టడం, ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చెరిపెయ్యడం అందులో ఒక భాగం. ఫోల్డర్ దొరక్కపోతే వేరియబుల్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు "ఫలానా ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చెరుపు" అన్నది కాస్తా "కంప్యూటర్‌లో ఉన్నవన్నీ చెరుపు" అవుతుంది. ఫోల్డర్‌ని వేరే చోటికి జరిపిన వాడుకరి ఒకాయన తన ఫైళ్ళన్నీ పోగొట్టుకున్నాడు. బ్యాకప్ ఉన్న బయటి డిస్కు కూడా తగిలించి ఉండడంతో అదీ పోయింది. విశేషం ఏమిటంటే, ఆ లైను పైన రాసినవాళ్ళే ఒక వ్యాఖ్య పెట్టారు. దాని అర్థం "భయంకరం!" అని.

ఆలోచించండి. ప్రమాదం ఉందని రాసినవాడికి తెలుసు. తెలిసి ఏం చేశాడు? దిష్టిబొమ్మ కట్టాడు. ఢిల్లీ కూడళ్ళలో శనివారం శనివారం కార్లకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించుకునేవాళ్ళకీ, ఈ వ్యాఖ్యకీ తేడా ఏముంది? బ్రేకులు చూపించుకోకుండా నిమ్మకాయ కట్టడమే కదా. ఆ వేరియబుల్ పేరు పక్కన ఒక కోలన్, ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంటే, అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోయేది. భయం వేసినచోట ప్రశ్న గుర్తు పెట్టడం ఎంత మంచి అలవాటో షెల్ భాష రాసినవాళ్ళకి కూడా తెలుసన్నమాట!

"పాతది కాబట్టి సరిగ్గానే ఉంటుంది" అనేది మన రెండో జబ్బు. తాతల నాటి ఆచారానికీ, పదేళ్ళ నాటి స్క్రిప్టుకీ ఒకటే గౌరవం. 2014 సెప్టెంబరు 24న షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. స్తెఫాన్ షజెలాస్ కనిపెట్టాడు. వేరియబుల్‌లో దాచి పంపిన ఆజ్ఞల్ని బాష్ అడక్కుండానే అమలు చేసేది. బయటివాడు వెబ్ సర్వర్ ద్వారా లోపలికి ఆజ్ఞలు పంపగలిగేవాడు. ఆ లోపం 1989 నుంచీ బాష్‌లోనే ఉంది. పాతికేళ్ళు! ప్రపంచమంతా వాడుతున్న, ఎవరైనా తెరిచి చదవగల ప్రోగ్రాములో. ఎంతమంది వాడారన్నది రుజువు కాదు, ఎంతమంది చదివారన్నదే లెక్క.

పాతదాన్ని మార్చడం కూడా జాగ్రత్తగా చెయ్యాలి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్ళు చెరిగిపోయాయి. దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు, 14 పరిశోధక బృందాలవి. అందులో 4 బృందాలవి తిరిగి తేలేకపోయారు. చెరిపింది ఏమిటి? బ్యాకప్ స్క్రిప్టు! పాత లాగ్ ఫైళ్ళు చెరిపే భాగంలో, చదవడానికి సులువుగా ఉంటుందని వేరియబుల్ పేర్లు మార్చారు. మార్చిన ఫైలుని, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద పెట్టేశారు. బాష్ స్క్రిప్టుని మొత్తం ముందే చదువుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుకుంటుంది. సగం పాతది, సగం కొత్తది అయింది. కొత్త పేర్లకి విలువలే లేవు. లాగ్ ఫోల్డర్‌లో చెరపాల్సినది అసలు నిల్వలో చెరిపింది. ఈ వివరాలన్నీ మనకి ఎలా తెలిశాయి? విశ్వవిద్యాలయం, కంప్యూటర్ సరఫరా చేసిన హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ జపాన్ శాఖ బహిరంగంగా చెప్పాయి కాబట్టి. ఆ సంస్థ బాధ్యత నూటికి నూరుపాళ్ళు తమదే అని రాసి ఇచ్చింది.

మూడో జబ్బు మౌనం. నాకు తెలిసి ఇదే అన్నిటికంటే ప్రమాదమైనది. లినక్సులో డెవ్ నల్ అనే చోటు ఉంది. అందులోకి ఏది పంపినా మాయమైపోతుంది. తప్పు సందేశాలు విసుగ్గా ఉన్నాయని వాటిని అందులోకి తోసేసే స్క్రిప్టులు కోకొల్లలు. ఇంకొకటి, ఆజ్ఞల్ని గొట్టాల్లా కలిపే పైపు. మూడు ఆజ్ఞలు కలిపితే, మొదటిది విఫలమైనా చివరిది బాగా నడిస్తే బాష్ మొత్తం బాగానే జరిగిందని చెబుతుంది. డేటాబేసు నుంచి డేటా రాకపోయినా, రాని డేటాని చక్కగా కుదించి, చక్కగా పేరు పెట్టి, చక్కగా దాచి, "విజయవంతం" అని మెయిల్ పంపుతుంది. పైప్‌ఫెయిల్ అనే ఎంపిక పెడితే ఇది పట్టుబడుతుంది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లో డేటాబేసు ఫోల్డర్‌ని చెరిపేశాడు. బ్యాకప్ తెరిచి చూస్తే ఖాళీ. డేటాబేసు ఒక వెర్షన్, బ్యాకప్ తీసే పరికరం ఇంకో వెర్షన్ కావడంతో అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని మెయిల్ కూడా పంపుతోంది. ఆ మెయిళ్ళు అవతలివైపు తిరస్కరించబడి ఎవరికీ చేరడం లేదు! అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళు కూడా ఏమీ దాచలేదు. బాగుచెయ్యడాన్ని యూట్యూబులో ప్రత్యక్షంగా చూపించారు.

బ్యాకప్ విలువ ఏమిటో ఢిల్లీలో మనం కళ్ళారా చూశాం. 2022 నవంబరు 23న ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. దేశం నలుమూలల నుంచీ వచ్చే రోగులు కాగితాల మీద నమోదు కోసం నిలబడ్డారు. చాలా సేవలు తిరిగి మామూలవడానికి సుమారు రెండు వారాలు పట్టింది. అది షెల్ స్క్రిప్టు తప్పు కాదు, బయటినుంచి వచ్చిన దాడి. కానీ దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా అంతా తిరిగి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది. ఆ రోజు ఆ బ్యాకప్ పైపు చివర్లో ఖాళీ ఫైలు ఉండి ఉంటే? అందుకే అంటున్నాను. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు, నమ్మకం.

"ఇవన్నీ పెద్ద పెద్ద సంగతులు, మా స్క్రిప్టు చిన్నది" అనేవాళ్ళకి ఒక చిన్న ఉదాహరణ. లబ్ధిదారుల పేర్లు లైనుకి ఒకటి చొప్పున ఒక ఫైలులో ఉన్నాయనుకోండి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకునే లూపుని చాలామంది అజాగ్రత్తగా రాస్తారు. షెల్ ఖాళీ కనిపించినచోటల్లా ముక్క చేస్తుంది. వెంకట సుబ్బమ్మ ఒక మనిషి కాదు, వెంకట ఒకరు, సుబ్బమ్మ ఒకరు అవుతారు. ఇద్దరూ జాబితాలో దొరకరు. "దొరకలేదు" అన్న సందేశం డెవ్ నల్‌లోకి పోతుంది. లైను లైనుగా చదివి, వేరియబుల్ చుట్టూ రెండు కొటేషన్ గుర్తులు పెట్టి ఉంటే ఆవిడ ఆవిడగానే ఉండేది. తెలుగు లిపిలో రాసిన పేర్లకైతే ఇంకో ప్రమాదం. యూటీఎఫ్-8లో మన అక్షరాల్లో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. గ్నూ కట్ ఆజ్ఞ చాలా ఏళ్ళపాటు అక్షరాలు కొయ్యమన్నా బైట్లే కోసింది. రామలక్ష్మి అన్న పేరు 30 బైట్లు. ఇంగ్లీషు పేర్లకి సరిపోతుందని 20 దగ్గర కోస్తే మిగిలేది "రామలక్", దాని వెనక విరిగిపోయిన ఒక గుర్తు. ఆ పేరుతో ఆవిడ ఏ జాబితాలో దొరుకుతుంది?

ఇది ఊహాలోకం కాదు. తెలంగాణలో 2016 తర్వాత రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కంప్యూటర్ లెక్కల ఆధారంగా, ఇంటికి వెళ్ళి చూడకుండా కార్డులు తీసేశారన్నది పిటిషన్‌లోని ఫిర్యాదు. అది షెల్ స్క్రిప్టో కాదో అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కంప్యూటర్ "లేదు" అంటే మనిషి లేనట్టే అయిపోయే కాలంలో, ఆ "లేదు" ఎలా వచ్చిందో వెనక్కి వెళ్ళి చూడగలగడం బియ్యానికి సంబంధించిన విషయం. కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అనేవాడికీ, స్వామి చెప్పాడు కాబట్టి నిజమే అనేవాడికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

నాకు వచ్చే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. షెల్ భాషే చెడ్డది, పైథాన్‌లో రాస్తే సరి అంటారు కొందరు. ఇందులో సగం నిజం ఉంది. వంద లైన్లు దాటిన స్క్రిప్టుని వేరే పద్ధతైన భాషలో తిరగరాయమని గూగుల్ తమ ఇంజినీర్లకి ఇచ్చిన నియమాల్లోనే ఉంది. నేను ఒప్పుకుంటాను. కానీ 8, 9 గంటల్ని టైమ్‌టేబుల్లోంచి కొట్టేసే అలవాటు ఉన్నవాడికి పైథాన్ ఇస్తే, వచ్చిన ప్రతి తప్పునీ పట్టుకుని ఏమీ చెయ్యకుండా వదిలేసే రెండు లైన్లు రాస్తాడు. డెవ్ నల్ భాషలో ఉండదు, బుద్ధిలో ఉంటుంది.

స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ ఈ పెడితే, ఏ ఆజ్ఞ విఫలమైనా ఆగిపోతుంది కదా, ఇంక భయమేముంది అంటారు ఇంకొందరు. పెట్టండి, మంచిదే. విలువే ఇవ్వని వేరియబుల్‌ని పట్టుకునే సెట్ మైనస్ యు కూడా పెట్టండి. కానీ ఇఫ్ షరతులో ఉన్న ఆజ్ఞ విఫలమైతే సెట్ మైనస్ ఈ పట్టించుకోదు. ఆ షరతులోంచి పిలిచిన ఫంక్షన్ లోపల కూడా పట్టించుకోదు. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలియకుండా పై లైనులో అతికించే సెట్ మైనస్ ఈ కూడా తాయెత్తే. విడార్ హోలెన్ రాసిన షెల్‌చెక్ అనే ఉచిత పరికరం స్క్రిప్టుని నడపకుండానే చదివి తప్పులు చెబుతుంది. స్టీమ్ లాంటి లైను కనబడితే హెచ్చరిస్తుంది, కొటేషన్లు మరిచిపోతే చెబుతుంది. వాడనివాళ్ళు వెంటనే వాడాలి. కానీ తేదీ నుంచి వచ్చే 08ని అది పట్టుకోలేదు, ఎందుకంటే ఆ విలువ నడిచినప్పుడు గాని పుట్టదు. పరికరాలు ఆలోచనకి సాయం చేస్తాయి, ఆలోచన బదులు రావు.

ఇప్పుడు ఏఐని అడిగితే నిమిషంలో స్క్రిప్టు రాసి ఇస్తోంది కదా అన్నది కొత్త అభ్యంతరం. ఇస్తోంది, చాలాసార్లు బాగానే ఇస్తోంది. కానీ అర్థం తెలియని మంత్రాన్ని గురువు చెవిలో చెబితేనేం, యంత్రం తెరమీద రాస్తేనేం? ఒక్కో లైను ఏం చేస్తుందో చెప్పలేని స్క్రిప్టుని అసలు సర్వర్ మీద నడపకండి. ఆ లైను ఎందుకుందని ఆ యంత్రాన్నే అడగొచ్చు. అడగడం మనకి అలవాటు ఉండాలి, అంతే.

ఆఖరి అభ్యంతరం న్యాయమైనది. "టైము ఎక్కడుంది సార్? రాత్రి షిఫ్టులో నలభై టికెట్లు. కారణం వెతికితే ఒక్కదానికే రెండు గంటలు. మేనేజరుకి టికెట్ మూసెయ్యడమే కావాలి. పైగా తప్పు ఒప్పుకుంటే ఆ పేరే అప్రైజల్‌లో రాస్తారు." నోయిడాలో, గురుగ్రామ్‌లో పీజీ గదుల్లో ఉంటూ రాత్రుళ్ళు పనిచేసే మన పిల్లలు ఈ మాట అన్నప్పుడు నేను వాళ్ళని తప్పుపట్టను. తప్పు చెప్పినవాడిని శిక్షించేచోట తప్పులు తగ్గవు, దాచిపెట్టడం పెరుగుతుంది. క్యోటోలోనూ, గిట్‌ల్యాబ్‌లోనూ చెరిపిన మనిషి ఎవరన్నది ముఖ్యం కాలేదు. ఒక్క మనిషి పొరపాటుకి అంత నష్టం ఎలా సాధ్యమైందన్నది ముఖ్యమైంది. కారణాన్ని మనిషి మీదికి తోసెయ్యడం కూడా కారణం వెతకకపోవడమే. దాన్ని గ్రహాల మీదికి తోసినా, జూనియర్ మీదికి తోసినా ఒకటే.

కాబట్టి మేనేజర్లుగా ఉన్న మిత్రులకి నా మనవి ఇది. వారానికి ఒక టికెట్‌ని, ఒక్కటంటే ఒక్కదాన్ని, కారణం దొరికేవరకు మూయనివ్వకండి. దొరికిన కారణాన్ని పేర్లు లేకుండా రాసి అందరికీ పంపండి. మూడు నెలలకి ఒకసారి బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపించమనండి. కుర్రాళ్ళకి నా మనవి ఇంకా చిన్నది. మీకు అప్పగించిన స్క్రిప్టుల్లో "మొదట్నుంచీ అంతే" అన్న లైను ఒకటి తప్పకుండా ఉంటుంది. రేపు రాత్రి కాస్త తీరిక దొరికితే దాన్ని పరీక్ష సర్వర్ మీదికి నకలు తీసి, సెట్ మైనస్ ఎక్స్ పెట్టి నడిపి చూడండి. అవతల పక్కన, జవాబు రాక ఎదురుచూస్తున్న మనిషి ఒకరు ఉండొచ్చు.